చీనీ మండీలో పెద్ద ఏబీసీడీ, చిన్న ఏబీసీడీ

మాది అనంతపురం. రాంనగర్‌లో మేడ మీద ఒక గది తీసుకుని చిన్నచిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. అందులో ఒక చీనీకాయల (బత్తాయి) మండీ ఉంది. లాట్ నంబరు, రైతు పేరు, కాటా తూకం, తరుగు, టన్ను ధర గోడమీది టీవీలో కనిపించాలి. అంతే పని.

పాత ప్రోగ్రాం ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ ఏపీఐ 2లో ఉండేది, అది మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత వెబ్ సరంజామా. ఒక ఆదివారం రాత్రి దాన్ని డాట్‌నెట్ 8కి మార్చి, రెండు ఎంట్రీలు కొట్టి, సేవ్ అవుతున్నాయిలే అని పడుకున్నాను. తెల్లారేసరికి గుమాస్తా ఫోన్. "ఏమప్పా, టీవీలో వరసంతా అన్‌డిఫైన్డ్, అన్‌డిఫైన్డ్ అని వస్తాంది. అదేం రేటని రైతులు అడుగుతాండారు!"

ఈ గొడవను తెలుగులో చెప్పడమే ఒక తంటా. మన లిపిలో పెద్ద ఏబీసీడీ, చిన్న ఏబీసీడీ లేవు కదా. నేను ప్రోగ్రాం రాసే భాష సీషార్ప్. అందులో లాట్‌నంబర్ అని ఇంగ్లీషులో రాసినప్పుడు ఎల్ పెద్దది, మధ్యలో ఎన్ కూడా పెద్దది. అది పాస్కల్ కేస్. పాత వెబ్ ఏపీఐ ఆ పేరును ఉన్నదున్నట్టు జేసన్‌లో పంపేది. ప్రోగ్రాంలు ఒకదానికొకటి వివరాలు పంపుకునే రాత పద్ధతే జేసన్. డాట్‌నెట్ 8లోని ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ మాత్రం, మనమేమీ చెప్పకపోతే, ఎల్‌ను చిన్నది చేసి ఎన్‌ను అలాగే వదిలేస్తుంది. అది కేమెల్ కేస్. టీవీ పేజీలోని జావాస్క్రిప్ట్ ఇంకా పెద్ద ఎల్ కోసమే వెతుకుతోంది. దొరక్కపోతే అది గోల చేయదు, అన్‌డిఫైన్డ్ అని ఊరుకుంటుంది.

మరి రాత్రి ఎంట్రీలు ఎలా సేవ్ అయ్యాయి? నన్ను ముంచింది అదే. బ్రౌజర్ నుంచి వచ్చే జేసన్‌ను చదివేటప్పుడు ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ పెద్దా చిన్నా చూడదు. వచ్చే దారి బాగుంది, పోయే దారే చెడింది. నేను చూసింది వచ్చే దారి ఒక్కటే.

ప్రోగ్రాం మొదట్లో సెట్టింగులుండే చోట, యాడ్‌కంట్రోలర్స్ పక్కన యాడ్‌జేసన్‌ఆప్షన్స్ రాసి, ప్రాపర్టీనేమింగ్‌పాలసీకి నల్ ఇచ్చాను. పేర్ల జోలికి పోవద్దని దానర్థం. టీవీ బాగైంది, ఒక మూలన ఉండే 'ఈరోజు ఎక్కువ ధర' తప్ప. అదొక్కటీ మినిమల్ ఏపీఐలో, అంటే కంట్రోలర్లు లేకుండా పొట్టిగా రాసే పద్ధతిలో, రాసుకున్నాను. దానికి ఈ సెట్టింగ్ వర్తించదు, కాన్ఫిగర్‌హెచ్‌టీటీపీజేసన్‌ఆప్షన్స్ అని వేరే ఉంది. అదీ రాశాను.

ఇంతలో మళ్లీ ఫోన్. మూడు లాట్లకు తూకం సున్నా! ఈసారి నిజంగా టెన్షన్ పడ్డాను. టీవీలో అన్‌డిఫైన్డ్ వస్తే నవ్వుకుంటారు, తూకం సున్నా వస్తే రైతు డబ్బులు పోతాయి. కాటా కంప్యూటర్ ఒక జేసన్ ఫైలు పడేస్తుంది, అందులో పేర్లన్నీ చిన్న అక్షరంతోనే మొదలవుతాయి. పాత ప్రోగ్రాంలో దాన్ని చదివే న్యూటన్‌సాఫ్ట్ అనే లైబ్రరీ పెద్దా చిన్నా తేడా చూసేది కాదు. దాని బదులు కొత్తగా వాడిన, డాట్‌నెట్‌లోనే ఉండే సిస్టమ్ డాట్ టెక్స్ట్ డాట్ జేసన్‌ను మనం నేరుగా పిలిస్తే, ప్రతి అక్షరమూ కలవాల్సిందే. కలవని పేరును చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ప్రాపర్టీనేమ్‌కేస్‌ఇన్‌సెన్సిటివ్‌ను ట్రూ చేశాక తూకాలు వచ్చాయి. ఆ మూడు లాట్లను కాటా చీటీలు చూసి గుమాస్తానే చేత్తో దిద్దాడు. జరిగింది వివరించబోతే, "పలికేటప్పుడు రెండూ ఒకటే కదప్పా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత తీరిగ్గా ఆ నల్ తీసేసి, టీవీ పేజీనే కేమెల్ కేస్‌కు మార్చాను. ఎప్పుడో చేయాల్సిన పని. ఫోన్ యాప్ రాస్తున్న మా చిన్నాన్న కొడుకు మూడు పేర్లకు మాత్రం మధ్యలో అండర్‌స్కోర్ కావాలని పట్టుబట్టాడు. డాట్‌నెట్ 8లో పేర్లన్నిటికీ అలా అండర్‌స్కోర్ పెట్టే స్నేక్‌కేస్‌లోయర్ పాలసీ ఉంది కానీ, ముగ్గురి కోసం ఊరంతా మారుస్తామా? ఆ మూడింటి మీద జేసన్‌ప్రాపర్టీనేమ్ అని, జేసన్‌లో ఏ పేరు రావాలో చెప్పే చీటీ తగిలించాను. పాలసీ ఏదైనా చివరికి దాని మాటే చెల్లుతుంది.

ఊళ్లవారీ లెక్కలో నార్పల, గార్లదిన్నె, పుట్లూరు అని ఇంగ్లీషులో రాసిన ఊరి పేర్లు డిక్షనరీ కీలు, అంటే ఒక్కో లెక్కను వెతికి పట్టుకునే పేర్లు. వాటి మొదటి అక్షరం మాత్రం పెద్దదిగానే ఉండిపోయింది, ఎందుకంటే కీలకు డిక్షనరీకీపాలసీ అని విడిగా పెట్టాలి. పెట్టలేదు. ఊరి పేరును చిన్న చేయడం నాకు ఇష్టం లేదు.