తాతకి ఏం చెప్పమంటావు?

"అయితే తాతకి ఏం చెప్పాలో నువ్వే రాసివ్వమ్మా, చదివేస్తాను" అన్నాడు మా తొమ్మిదేళ్ల వాడు. కోపంతో కాదు, నిజంగానే అడిగాడు. డలానెగా వెళ్లొచ్చిన రాత్రి వీడియో కాల్‌కి ముందు "తోటలు చూశామని చెప్పు చాలు, వైన్ సంగతి ఎత్తకు" అన్నాను మరి. వాడు "బాగున్నా తాతా" అని ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టేశాడు.

డలానెగా, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మేముండే కమింగ్ ఊరి నుంచి 400 నంబరు రహదారి మీద గంటలోపే. బంగారం దొరికిందని జనం ఎగబడితే 1838లో టంకశాల కూడా వెలిసిన కొండ ఊరు. ఇప్పుడు చుట్టూ వైన్ తోటలే. 2018లో డలానెగా పీఠభూమికి వైన్ ద్రాక్ష పండే ప్రాంతంగా ప్రత్యేక గుర్తింపు వచ్చింది.

మావాడికి ఇవేవీ పట్టలేదు. దారి మళ్లి సాటీ నకూచీ అనే ఊళ్లో కుండల మ్యూజియం చూశాం. అక్కడ మనిషి ముఖాలున్న జగ్గుల ముందు నిలబడిపోయాడు. గుడ్లురిమే తెల్లటి కళ్లు, పొడుచుకొచ్చిన పళ్లు, బూడిద కలిపిన పూత కారి గట్టిపడిన ఆకుపచ్చ చారలు. వాడూ పళ్లు బయటపెట్టి ఫొటో దిగాడు. ఈ పనికి పేరు తెచ్చిన లానియర్ మీడర్స్‌కి 1983లో జాతీయ గౌరవం దక్కింది. ఆ కొండల్లో ఒకప్పుడు జగ్గులు చేసింది పాకానికీ, మొక్కజొన్న విస్కీకీ. "ఇదీ చెప్పకూడదా?" అన్నాడు.

వాడి తాత, అంటే మా నాన్నది, నల్గొండ జిల్లా. కల్లు లొట్టి గురించి గంటసేపు చెప్పగలడు. బోనాలకి అమ్మవారికి కల్లు సాక పోయడం చూస్తూ పెరిగినవాడు. ఆయనకి లేని పట్టింపు నాకెందుకు?

పిల్లలకి తెలుగు నిలవాలంటే తాతలతో, అమ్మమ్మలతో మాట్లాడించండని అందరికీ చెబుతుంటాను. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ వాడికి నచ్చినవన్నీ తీసేయమంటే ఇక మిగిలేది "తిన్నావా, బాగున్నావా" మాత్రమే. దాని కోసం ఏ పిల్లాడు తెలుగు నేర్చుకుంటాడు? వచ్చే ఆదివారం ఆ జగ్గుల గురించి తాతకి వాడిష్టమొచ్చినంత చెప్పుకోనిస్తాను.

మా అత్తగారి విషయంలోనే కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆవిడ తమ్ముడు తాగి తాగి పోయాడు. మనవడి నోట వైన్ అన్న మాట వింటే ఆ రాత్రి ఆవిడకి నిద్ర ఉండదు. ఆ సంగతి వాడికి చెబితే తనంతట తనే ఆగుతాడేమో. తొమ్మిదేళ్లవాడి మీద అంత బరువు పెట్టొచ్చా అన్నదే నాకు తేలడం లేదు.