మావయ్య జోర్కీ మళ్లీ పలికింది

మా మావయ్యకి పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో ఉండేది. గుణుపురం చిన్న రైలు 2004లో ఆగిపోయేదాకా ఆయన దాన్ని ఫొటోలు తీసింది ఈ జోర్కీ-4తోనే. రష్యా కెమెరా. నంబరు 71తో మొదలవుతుంది, అంటే 1971లో తయారైంది. మొన్న వేసవిలో వెళ్తే "నువ్వు వాడుకో అమ్మా" అని చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రమే దాన్ని పాడుచేశాననుకున్నాను. స్పీడు డయల్ (వెలుతురుని లోపలికి వదిలే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో పెట్టే చక్రం) పైకెత్తి తిప్పుతుంటే ఎక్కడో పట్టేసింది. కొంచెం బలంగా తిప్పాను. ఇక 30 (అంటే సెకనులో 30వ వంతు) పెట్టినా 500 (500వ వంతు) పెట్టినా శబ్దం ఒకటే! బరంపురంలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే, విప్పకుండానే "స్పేర్లు దొరకవు, షోకేసులో పెట్టుకోండి" అన్నారు. ఏడుపొచ్చింది.

మావయ్య ఒక్కటే అడిగారు: "తిప్పే ముందు వైండ్ చేశావా?"

చేయలేదు. వైండ్ అంటే ఫిల్ముని ఒక ఫ్రేము ముందుకి జరిపి షట్టర్‌ని బిగించడం. ఈ కెమెరాలో క్లిక్ చేసినప్పుడు డయల్ కూడా షట్టర్‌తోపాటు తిరుగుతుంది. వైండ్ చేయకుండా స్పీడు మారిస్తే లోపలి పిన్ను తన చోట కూర్చోదు. డయల్ మీద అంకె ఒకటి, పడే స్పీడు ఇంకొకటి. మరీ బలవంతం చేస్తే పిన్నే వంగిపోవచ్చు. అదృష్టం, నాది వంగలేదు. వైండ్ చేసి, డయల్ ఎత్తి, అంకెని చుక్క దగ్గరికి తెచ్చి మెల్లగా వదిలాను. టక్కుమని దిగింది. 500 మళ్లీ 500లాగే పలికింది.

తక్కువ స్పీడులు మాత్రం బద్ధకంగా ఉన్నాయి. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టాను. కెమెరా వెనక మూత తీసేసి, లెన్సుని వెలుతురున్న కిటికీ వైపు తిప్పి, షట్టర్ తెరుచుకున్న ఫ్రేములు లెక్కపెట్టాను. ఒక సెకను అంటే 240 రావాలి. నాకు దాదాపు 400 వచ్చాయి! నాలుగో వంతు సెకనుకి 60 రావాలి, 95 వచ్చాయి. 30 దగ్గర మాత్రం సరిగ్గా 8. అంటే జబ్బు తక్కువ స్పీడుల గేర్లలోనే ఉంది, పాత గ్రీజు గడ్డకట్టి ఉంటుంది.

కుట్టు మిషను నూనె ఒక చుక్క వేద్దామా అన్నాను. మావయ్య గట్టిగా వద్దన్నారు. షట్టర్ తెరలు రబ్బరు పూత గుడ్డవి, నూనె పాకితే ఇక అంతే. (ఎండలో లెన్సుకి మూత లేకుండా వదిలినా ఆ గుడ్డకి చిల్లు పడుతుందట.) ఫిల్ము లేకుండా రోజూ వంద క్లిక్కులు కొట్టమన్నారు. వారం కొట్టాను, వేళ్లు నొప్పి పుట్టాయి. ఒక సెకను 262కి దిగింది, నాలుగో వంతు 64కి. నెగటివ్ ఫిల్ముకి ఆ తేడా లెక్కలోకి రాదు.

ఎక్కువ స్పీడులు ఫోన్‌కి అందవు, 500 అంటే అర ఫ్రేము కూడా కాదు. వాటికోసం ఒక రోల్ ఖర్చుపెట్టాను. 1000లో తీసినవాటికి ఒక అంచు నల్లగా వచ్చింది. తెరల స్ప్రింగు బిగువు సరిచేయాలట. అది నా చేతి పని కాదు, 500 దాటి వెళ్లట్లేదు. అదే రోల్‌లో చివరిది, మహేంద్రతనయ గట్టు మీద రాయిపై కెమెరా ఆనించి, మసక చీకట్లో ఒక సెకను పెట్టి తీసింది, నీళ్లు పాలలా వచ్చాయి. ప్రింటు మావయ్య గదిలో ఉంది.