ఎదురుగాలిలో ఒక్కదాన్నే

జులై చివరి ఆదివారం హుస్సేన్ సాగర్‌లో మొదటిసారి తెరచాప పడవ మీద ఒక్కదాన్నే వెళ్ళాను. నాకు నలభై నాలుగేళ్ళు. బ్యాంకులో ఉద్యోగం. ఈత నేర్చుకుంది కూడా ముప్పై దాటాకే. వారం గడిచినా ఆ ముప్పావుగంట ఇంకా కళ్ళ ముందే ఉంది. మరిచిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

మా తాతయ్యకు కోనసీమలో తెరచాప పడవ ఉండేది. కొబ్బరికాయలు వేసుకుని కాలువల మీద కాకినాడ దాకా వెళ్ళేవాడు. వెనకగాలి ఉంటే చాప ఎత్తి చుక్కాని పట్టుకుని కూర్చోవడమే. ఎదురుగాలి తగిలితే మాత్రం చాప దించేసి, ఇద్దరు మనుషులు గట్టు వెంబడి నడుస్తూ పడవను తాడుతో లాగాలి. అంత ఇరుకు కాలువలో ఇంకో దారి లేదు. లాగేవాళ్ళు భుజం మీద తువ్వాలు మడిచి వేసుకున్నా తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయేదని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

తాతయ్య పోయి చాలా కాలమైంది. పడవల ఊసు నాలో మళ్ళీ లేచింది 2017లో, ఆరుగురు నేవీ అమ్మాయిలు తారిణి అనే చిన్న నౌక మీద గోవా నుంచి ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరినప్పుడు. వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళే. హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ నుంచి స్వాతి. 254 రోజుల తర్వాత తిరిగొచ్చారు. ఆ వార్తలు రోజూ వెతుక్కుని చదివేదాన్ని. అయినా తెరచాప పడవ నడపడం నేర్పే క్లాసులో నేను చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నాకిచ్చింది లేజర్. ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. ఒక్క మనిషి కోసమే చేసిన పడవ. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఉత్త పడవ బరువు 59 కిలోలు. చాపల్లో చిన్నది, 4.7 చదరపు మీటర్లది, బిగించారు. ఇంత తేలికపాటి పడవలో బరువంటే ముఖ్యంగా మన ఒళ్ళే. గాలి ఒకవైపు వంచుతుంటే, మధ్యలో ఉన్న పట్టీ కింద పాదాలు ఇరికించి, నడుము నీళ్ళ మీదికి వేసి వెనక్కి వాలాలి. ఒక చేతిలో చుక్కాని కర్ర, ఇంకో చేతిలో చాపను అదుపు చేసే తాడు. ఏ చేయీ ఖాళీగా ఉండదు. అంతకు ముందు వారాల్లో ఇద్దరు ఎక్కే పడవలో తాడు నాది, చుక్కాని మాకు నేర్పే సార్‌ది. అందుకే ఆ రోజు "మేడమ్, ఇవాళ మీరొక్కరే" అని సార్ అనేసరికి గొంతు ఆరిపోయింది.

వానాకాలంలో హుస్సేన్ సాగర్ మీద పడమటి గాలి బాగా వీస్తుంది. సంజీవయ్య పార్కు వైపు నుంచి బయల్దేరితే ట్యాంక్ బండ్ వైపు గాలే తీసుకుపోతుంది. సార్ మోటారు బోటులో దూరంగా వస్తున్నారు. నీటి వాసన మొదటి ఐదు నిమిషాలే తెలిసింది. తర్వాత చాప మీద అతికించిన ఊలు పోగులు తప్ప ఇంకేమీ పట్టలేదు. వేలెడు పొడవుంటాయి. చాపకు రెండు పక్కలా అవి వెనక్కి తిన్నగా పారుతుంటే గాలి సరిగ్గా పట్టినట్టు. గాలి వచ్చే వైపు పోగు పైకి లేచి గింగిరాలు తిరిగిందంటే తాడు బిగించాలి, లేదా చుక్కాని సరిచేయాలి. నాలుగు పోగుల ఊలు, అంత గాలి గురించి అంత స్పష్టంగా చెబుతుంది!

నీళ్ళలో గుర్తుగా తేలే నారింజరంగు బోయా చుట్టూ తిరగడం వరకు బాగానే జరిగింది. తిరుగు దారిలోనే టెన్షన్ మొదలైంది. గాలికి నేరుగా ఎదురు ఏ తెరచాప పడవా ముందుకు సాగదు. ఇంచుమించు 45 డిగ్రీల వాలులో కొంత దూరం అటు, మళ్ళీ తిప్పి కొంత దూరం ఇటు, అలా వంకరగా పైకి ఎగబాకాలి. మొదటి మలుపులోనే తడబడ్డాను. చుక్కాని సగం తిప్పి ఆపేశాను. పడవ ముక్కు గాలికి ఎదురుగా నిలిచిపోయింది. చాప పటపటా కొట్టుకుంటోంది, చాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ కర్ర తలకు జానెడు దూరంలో ఊగుతోంది. పడవ నెమ్మదిగా ట్యాంక్ బండ్ గోడ వైపు వెనక్కి పోతోంది. గట్టు మీది బస్సుల హారన్లు దగ్గరవుతున్నాయి. చుక్కాని ఎంత తిప్పినా పడవ వినడం లేదు. సార్ బోటు వంక చూశాను. ఆయన రాలేదు. చేయెత్తి ఆగారంతే.

అప్పుడు గుర్తొచ్చింది, గట్టు మీద ఆయన నాతో వల్లె వేయించిన మాట: "రెండూ అవతలికి తొయ్యండి, తర్వాత రెండూ ఇవతలికి లాగండి." బూమ్‌ను అవతలికి తోసి పట్టుకున్నాను, చుక్కాని కర్రనూ అటే తోశాను. పడవ వెనక్కి పోతున్నప్పుడు చుక్కాని తిరగేసి పనిచేస్తుంది కదా, వెనక భాగం నావైపు జరిగి ముక్కు అవతలికి తిరిగింది. గాలి నా వీపుకు తగిలింది. వెంటనే రెండూ లాగాను. చాప టప్పుమని నిండింది, చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది. పడవ కింద నీళ్ళు గలగలమంటూ కదిలాయి. ఆ గలగల వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఐదు మలుపులు. రెండోది గాబరాగా, ఐదోది ఊపిరి బిగబట్టకుండా. ముందు నీళ్ళు నల్లబడితే గాలి విసురు వస్తోందని గుర్తుపట్టి ముందే వాలడం కూడా ఆ దారిలోనే అలవాటైంది. ఒడ్డుకొచ్చి చాప దించాక చూసుకుంటే ఎడమ అరచేతిలో తాడు గీతలు ఎర్రగా రెండు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పడవ మునగలేదు కదా అని రెండుసార్లు అడిగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వచ్చేటప్పుడు ఎదురుగాలి అన్నావు. మరి తాడెవరు లాగారే?" అంది.

"ఎవరూ లాగలేదమ్మా. అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ చాపతోనే వచ్చేశాను."

"నాన్నకు అంత వెడల్పు నీళ్ళెక్కడివిలే," అంది అమ్మ. చేతికి కొబ్బరినూనె రాసుకోమని చెప్పి ఫోన్ పెట్టేసింది.