మళ్లీ డిగ్రీయా, ఈ వయసులో?

మొన్న సూపర్‌వైజర్ పోస్టు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఇచ్చేశారు, వాడికి డిగ్రీ ఉంది నాకు లేదు, అంతే. గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చేదాకా బస్సులో ఇదే ఆలోచన. 2008లో నాన్న పోయాక బీకాం సెకండియర్‌లో ఆపేశా, ఆ హాల్‌టికెట్ ఇంకా బీరువాలో రేషన్ కార్డు జిరాక్సుల మధ్యే ఉంది, ఫొటోలో మీసం కూడా సరిగ్గా రాలేదు.

రెగ్యులర్ కాలేజీ కుదరదు, ఈఎంఐ ఎవడు కడతాడు? ఇంటి దగ్గరే చదువుకునే ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో అయితే డిగ్రీకి మూడేళ్లు, సాగదీస్తే ఆరేళ్ల దాకా టైముంది, నైట్ షిఫ్టులు పడే నాలాంటోడికి అదే పెద్ద రిలీఫ్. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమే, కాకపోతే ఆ కోర్సుకి గుర్తింపుందో లేదో చేరకముందే యూజీసీ సైట్‌లో మనమే చూసుకోవాలి, ఏజెంట్ల మాట అస్సలు నమ్మకూడదు.

అమ్మకి చెప్తే "ఇప్పుడేటిరా చదువు, ముందు గుంటకి ఎక్కాలు చెప్పు" అంది. మా ఆవిడ ఏం మాట్లాడలేదు. రాత్రి చూస్తే పాప పుస్తకాల పక్కన కొత్త లాంగ్ నోట్‌బుక్ ఒకటి, అట్ట కూడా వేసేసి, లేబుల్ మీద నా పేరు రాసి, సబ్జెక్టు దగ్గర మాత్రం ఖాళీగా వదిలేసింది.