పొద్దు గూకకముందు

"ఇప్పుడా చదివేది? వేళ దాటిపోయిందిగా" అంది మామా.

కువైట్‌లో నేను పనిచేసే ఇంటి పెద్దావిడని మేం మామా అనే పిలుస్తాం. ఆ రోజు గురువారం. మగ్రిబ్, అంటే పొద్దు గూకగానే చేసే నమాజు, అయ్యాక గిన్నెలు తుడుస్తూ, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ పెదాలు కదుపుతున్నాను. నీళ్లకని వంటింట్లోకి వచ్చి చూసింది. సాయంత్రపు అజ్కార్, అంటే అల్లాని తలుచుకుంటూ చదివే మాటలు, అసర్ (సాయంత్రం నమాజు) తర్వాత, పొద్దు గూకకముందు చదవాలట. మీ ఊళ్లో ఎవరూ నేర్పలేదా అంది. కసిరి చెప్పలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

నేర్పకేం? మా నాయనమ్మ నేర్పింది. రాజోలు దగ్గర మా ఊళ్లో సందె అంటే మగ్రిబ్ అజానే. అజాన్ చెవినపడగానే పిల్లలందర్నీ కేకేసి లోపలికి రప్పించేది, నమాజు చేసుకునేది, ఆ దీపం దగ్గరే తస్బీ (జపమాల) పట్టుకుని కూర్చునేది. పగలంతా కొబ్బరి పీచు పనిలో ఉండే మనిషికి అంతకుముందు కూర్చునే తీరిక ఎక్కడిది? ఆవిడకి అరబ్బీ అక్షరాలు రావు, అన్నీ విని పట్టుకున్నవే. ఆవిడ పక్కన కూర్చుని విని నేనూ నేర్చుకున్నాను. మామా వేళ దాటిపోయింది అన్నది నన్నొక్కదాన్నే కాదనిపించింది. నలభై ఏళ్లు దీపం ముందు కూర్చున్న మా నాయనమ్మనీ అన్నట్టే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మామా చెప్పింది తప్పని అనలేను. పొద్దు పొడవకముందు, పొద్దు గూకకముందు నీ ప్రభువుని స్తుతించమని ఖురాన్‌లో ఖాఫ్ సూరాలోనూ ఉంది, తాహా సూరాలోనూ ఉంది. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) నుంచి సూర్యుడు వచ్చేదాకా ఒక వేళ, అసర్ నుంచి సూర్యుడు దిగేదాకా ఒక వేళ. ఎక్కువమంది ఆలిములు, మత పండితులు, చెప్పేదీ అదే. పైగా కువైట్‌లో ఆ వేళ మనకన్నా పొడుగు. మన మసీదుల్లో, నడినెత్తి నీడ తీసేస్తే, వస్తువు నీడ దాని పొడవుకి రెండింతలయ్యాక అసర్. అక్కడ ఒక్కింత కాగానే అజాన్ ఇచ్చేస్తారు. ఎండాకాలంలో మూడున్నర లోపే అసర్ అయిపోతుంది, పొద్దు గూకేది ఏడింటికి కాస్త ముందు.

ఆ మూడు గంటలూ ఎవరివి? అది చెప్పాలి. అసర్ నుంచి మామాకి గహ్వా (అరబ్బీ కాఫీ), ఖర్జూరాలు. కూతుళ్లు వస్తారు, వాళ్ల పిల్లలు వస్తారు. సోమవారం, గురువారం మామా రోజా (ఉపవాసం) ఉంటుంది కాబట్టి ఆ రెండు రోజులూ గహ్వా ఆవిడకి కాదు, వచ్చినవాళ్లకి. ఆవిడకి ఇఫ్తార్ వంట. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని, పుస్తకం తెరిచి, ఒక్కో దువా నిదానంగా చదువుకుంటుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, నిజంగానే. ఆ నిదానానికి కావలసిన తీరిక నా చేతుల్లోంచి వెళ్తోందని మాత్రం ఆవిడకి ఎవరు చెప్తారు?

ఆ రెండు రోజులూ నాదీ రోజాయే. మన పనులు అల్లా ముందుకి వెళ్లేది సోమవారం, గురువారమని, ఆ వేళకి రోజాతో ఉండడం తనకిష్టమని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం అన్నారు. రాత్రి ఒంటిగంటకి నడుం వాల్చిన రోజున సహరీకి, రోజాకి ముందు తెల్లవారుజామున తినే వేళకి, మెలకువ రాదు. ఫజర్‌కి లేచి, ఇంకా ఏమీ తినలేదు కదా అని అప్పుడే నీయత్ (సంకల్పం) చేసుకుంటాను. నఫిల్ రోజాకి, అంటే తప్పనిసరి కాని రోజాకి, అలా కుదురుతుంది. ఒకరోజు ప్రవక్త ఇంటికొచ్చి తినడానికేమైనా ఉందా అని భార్య ఆయిషా గారిని అడిగారు. లేదంటే, అయితే నేను రోజా ఉన్నాను అన్నారు. రోజాకే అంత వెసులుబాటు ఉంటే నా తస్బీకి ఉండదా? రాత్రిని, పగలుని ఒకదాని వెనక ఒకటి తెచ్చింది తలుచుకోవాలనుకునేవాళ్ల కోసమేనని ఫుర్ఖాన్ సూరాలో ఉంది. పగలు తప్పింది రాత్రి చేసుకోవచ్చని దానికి పెద్దలు చెప్పిన అర్థం. మామాకి ఇదంతా చెప్పేటంత అరబ్బీ నాకు రాదు. పనికి కావలసినంతే వచ్చు.

ఇంకోటి కూడా ఉంది. తిరగలి విసిరి విసిరి చేతులు కాయలు కాసి, ప్రవక్త కూతురు ఫాతిమా బీబీ పనిమనిషిని అడుగుదామని నాన్నగారి దగ్గరికి వెళ్లింది. పనిమనిషి కంటే మంచిది చెప్తానని, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు చెప్పుకోమన్నారు. చిన్నప్పుడు నాయనమ్మ ఇది చెప్తుంటే నేను ఫాతిమా బీబీ పక్కనే నిలబడి వినేదాన్ని. కువైట్‌లో గుర్తొస్తే మాత్రం ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఆవిడ అడిగి, దొరకక వెనక్కి వెళ్లిన ఆ పనిమనిషిని నేను.

తర్వాతి సోమవారం అసర్ అయిన గంటకి మామా వంటింట్లోకి వచ్చి పొయ్యి తనే ఆపేసింది. "పొద్దుటి రొట్టె అలాగే ఉంది, నీదీ రోజాయేగా. వెళ్లి కూర్చో" అంది. నా గదిలో మంచం మీద కూర్చున్నాను. ఒక్కటీ సరిగ్గా రాలేదు. సంబూసాలు ఎవరు వేయిస్తారు, నూనె చల్లారిపోతుందేమో, ఇదే ధ్యాస. ముప్ఫై మూడు చెప్పడానికి మూడుసార్లు లెక్క తప్పాను. మగ్రిబ్ తర్వాత సింకు దగ్గర చేతులు తడవగానే తడబాటు లేకుండా వచ్చేసింది. నాయనమ్మ గొంతుతో సహా.

ఆ తర్వాత కూడా వీలైనప్పుడల్లా మామా పంపేది. వెళ్లేదాన్ని. ఆవిడ మంచితనాన్ని కాదనలేను, ఆ మొదటి మాటనీ మరిచిపోలేను.

మొన్న సెలవుకి వచ్చాను. కువైట్‌లో చంద్రమాసం పదమూడు, పున్నమి మూడు రోజాల్లో మొదటిది ముగించి రాత్రి విమానం ఎక్కాను. పొద్దున్నే హైదరాబాద్‌లో దిగి అమ్మకి ఫోన్ చేస్తే, "ఇక్కడ ఇవాళే పదమూడమ్మా, నేను రోజా ఉన్నాను" అంది. ఇక్కడ నెలవంక ఒకరోజు ఆలస్యం. విమానంలో ఏమీ ముట్టలేదు. ప్రయాణంలో ఉన్నదానివి, వద్దని అమ్మ అంటున్నా నీయత్ చేసుకున్నాను.

పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కేసరికి వెనక పొద్దు దిగుతోంది, ఎదర దిండి కొబ్బరితోటల మీద చంద్రుడు అప్పటికే పైకి వచ్చేశాడు. కింద వశిష్ఠ గోదావరి నిండుగా ఉంది. కారులో నన్ను పిలిచేవాళ్లు లేరు, పొయ్యి మీద ఏమీ లేదు. మొదలుపెట్టాను. వంతెన దిగేసరికి ముప్ఫై మూడోది అయింది. ఇంకా మగ్రిబ్ కాలేదు.