ఆముదం వద్దమ్మా, అది నరం కాదు

ఆరు వారాల కిందట, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో, పొద్దున ఆరింటికి. మా స్కూలు పిల్ల 200 మీటర్ల మలుపు దాటి వేగం అందుకుంటూనే ఆగిపోయి తొడ వెనక పట్టుకుంది. "వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టుంది మేడం" అంది. నాకు ఒళ్లు జలదరించింది. 2005లో నేనూ అదే మాట అన్నాను.

ఇంటికి తీసుకెళ్తే వాళ్ల అమ్మమ్మ అప్పటికే ఆముదం వెచ్చబెడుతోంది. "నరం పట్టేసింది తల్లీ, గట్టిగా రుద్దితే తెల్లారేసరికి పోతుంది" అంది. నేను గిన్నె పక్కన పెట్టించాను. మన దగ్గర కండరానికి ఏమైనా 'నరం' అనేస్తారు. లోపల కండ పీచు చిరిగి నెత్తురు చేరినప్పుడు మొదటి రెండు మూడు రోజులు రుద్దినా, కాపడం పెట్టినా అది ఇంకా పెరుగుతుంది. మూడో రోజుకు కమిలిన నలుపు మోకాలి వెనక దాకా దిగాక అమ్మమ్మకు నమ్మకం కుదిరింది. ఈలోపే డాక్టరుకు చూపించాం. కూర్చునే ఎముక దగ్గర తెగిందేమో చూడాలి, అక్కడ తెగితే మానడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. అదృష్టం, తెగింది తొడ మధ్యలోనే.

నాకప్పుడు ఇదంతా చెప్పేవాళ్లు లేరు. పది రోజులు పడుకున్నాను, నడిస్తే నొప్పి లేదు. "నొప్పి లేదుగా, పరిగెత్తు" అన్నారు. పదిహేడో రోజున సరిగ్గా అదే చోట మళ్లీ చిరిగింది. ఆ రెండోసారి నాలుగు నెలలు తినేసింది. నొప్పి పోవడం వేరు, కండకు బలం రావడం వేరు. ఈ ఒక్క ముక్క తెలియక నా సీజన్ మొత్తం పోయింది.

ఫుల్ స్పీడులో కాలు ముందుకు విసురుగా వెళ్తుంది. పాదం నేలను తాకబోయే ముందు ఆ విసురుకు బ్రేకు వేయాల్సింది తొడ వెనక కండరాలే. అవి సాగుతూనే లాగిపట్టాలి. స్ప్రింటర్లకు ఎక్కువగా అక్కడే, బయటి వైపు కండ చిరుగుతుంది. కాబట్టి బలం పెంచాల్సింది కూడా సాగుతున్నప్పుడే. ఉత్త విశ్రాంతితో కండ ఇంకా బలహీనపడుతుంది.

అందుకే నార్డిక్ అనే వ్యాయామం చేయిస్తాను. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక ఒకరు మడమలు గట్టిగా పట్టుకోవాలి. మోకాలి నుంచి తల దాకా ఒంటిని కర్రలా ఉంచి, ఆపగలిగినంతసేపు ఆపుతూ ముందుకు వాలాలి, చివర్లో చేతులు ఆనించాలి. 2011లో డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన పరిశోధనలో, పది వారాలు ఇది చేసిన జట్లలో హ్యామ్‌స్ట్రింగ్ (అంటే ఈ తొడ వెనక కండరాల) గాయాలు 15, చేయని జట్లలో 52. ఆ అంకెలు మొదటిసారి చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. దీనికి మెషిన్ అక్కర్లేదు, జిమ్ ఫీజు అక్కర్లేదు. గోనెపట్టా పరిచి మట్టి గ్రౌండులో చేయించొచ్చు.

అయితే తెగిన కండతో మొదటి రోజే నార్డిక్ కాదు. మా పిల్ల ముందు వెల్లకిలా పడుకుని, మడమలు నేలకు ఆనించి నడుం ఎత్తడంతో మొదలుపెట్టింది. తర్వాత అదే ఒంటికాలితో. నాలుగో వారంలో నార్డిక్, అదీ మూడంటే మూడు సార్లు. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేక భయపడింది. అది కొత్త వ్యాయామం వల్ల వచ్చే నొప్పి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని చెప్పాను. తగ్గింది. పక్కనే పరుగు కూడా మెల్లగా పెంచుతున్నాం, ఎందుకంటే ఫుల్ స్పీడుకు కండను సిద్ధం చేసేది చివరికి పరుగే.

2017లో లండన్ రిలే ఫైనల్లో బోల్ట్ తొడ పట్టుకుని కూలిపోయిన దృశ్యం మర్నాడు టీవీలో చూస్తూ మా అమ్మ "నీకూ ఇదే కదే అయింది" అంది. అంతటివాడికీ తప్పలేదు.

నెలాఖరున జిల్లా మీట్ ఉంది. పంపనని చెప్పేశాను. రెండు కాళ్ల బలం సమానమయ్యాక, ఇక్కడ పూర్తి వేగంతో కొన్నిసార్లు పరిగెత్తి చూపించాకే పోటీ. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న వచ్చి, "ఇంట్లో అమ్మమ్మ మడమలు పట్టుకుంటోంది మేడం, ఐదు చేశాను" అంది.