ప్లాన్ మీద గీత, గనిలో నీళ్లు

బొగ్గు గనిలోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని కొత్త సర్వేయర్లను అడిగితే పైనున్న వాగునో, నీళ్లు నిండిన పాత పనులనో (ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన చోట్లనో) చూపిస్తారు. కాదనను. కానీ నా ఉద్యోగమంతా ఫాల్టులు (రాతిపొరలు తెగి జరిగిన చోట్లు) గీయడంలోనే గడిచింది, నా అనుమానం ముందు వాటి మీదికే పోతుంది.

ప్లాన్ మీద ఫాల్ట్ ఒక గీత. కిందికి దిగి చూస్తే నలిగిన రాయి, బంకమట్టి, పగుళ్లు కలగలిసిన పట్టీ. మట్టి దట్టంగా కూరుకున్నచోట నీటిని ఆపేస్తుంది. పగుళ్లు తెరుచుకున్నచోట పై ఇసుకరాతిలోని నీళ్లను సీమ్‌లోకి, అంటే బొగ్గు పొరలోకి, దించేస్తుంది. ఒకే ఫాల్ట్ ఒకచోట ఆపి, కొంత దూరం పోయాక కారొచ్చు. అందుకే ఒక్క బోరు వేసి "పొడిగా ఉంది" అని రాసేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

త్రో, అంటే ఫాల్ట్ దగ్గర పొరలు పైకో కిందికో ఎంత జరిగాయన్నది, ఇంకా మోసం. సీమ్‌కి 50 మీటర్ల కింద నీళ్లున్న సున్నపురాయి ఉందనుకోండి. అవతలి పొరల్ని ఫాల్ట్ 40 మీటర్లు పైకి లేపితే, ఆ సున్నపురాయి అటువైపు మన సీమ్ మట్టానికి 10 మీటర్ల దిగువనే ఉంటుంది. నీటిమట్టం అక్కడికి 300 మీటర్ల ఎత్తున ఉంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 కిలోలు. సెక్షన్ (పొరల్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయకపోతే ఇదేదీ కనపడదు.

పొడిగా దాటిన ఫాల్ట్ కూడా తర్వాత కారొచ్చు. బొగ్గు తీశాక రూఫ్ కుంగుతుంది, ఫ్లోర్ ఉబ్బుతుంది, మూసుకున్న పగుళ్లు కదులుతాయి. ముందు చెమ్మ, ఆపైన ధార. తేటగా వచ్చే నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారాయంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని, దారి వెడల్పవుతోందని. అప్పుడు పంపుల లెక్క మానేసి మనుషుల్ని బయటికి పంపాలి.

ఉత్తర చైనాలో ఇంకో రకం ఉంది. లోతున సున్నపురాయి కరిగి గుహలు పడతాయి, పై పొరలు వాటిలోకి కూలి, రాళ్లముక్కల నిలువు స్తంభాలు సీమ్ దాకా లేస్తాయి. 1984 జూన్ 2న ఫాన్‌గెజువాంగ్ గనిలో అలాంటి దాని గుండానే నీళ్లు తన్నుకొచ్చాయి. ఉధృతి నిమిషానికి 2,053 ఘనపు మీటర్లకు చేరింది. ఒక్క రోజులోనే గని మునిగింది. దానికి సరిపడే పంపులు ఏ గనిలో ఉంటాయి చెప్పండి!

మళ్లీ నా గీతల దగ్గరికే వస్తాను. పై సీమ్ ప్లాన్‌లోని ఫాల్ట్‌ని కింది సీమ్ ప్లాన్ మీద ఉన్నదున్నట్టు ట్రేస్ చేస్తుంటారు. 60 డిగ్రీల వాలున్న ఫాల్ట్ 100 మీటర్లు దిగేసరికి పక్కకు దాదాపు 58 మీటర్లు జరుగుతుంది. నీటికి అడ్డుగా, బారియర్ అని వదిలిన బొగ్గు ఒకచోట ఉండిపోతుంది, గ్యాలరీ (గనిలో తవ్వుకుంటూ పోయే దారి) నేరుగా ఫాల్ట్ మీదికి పోతుంది.